మీరుంటేనే నడిచే సాఫ్ట్‌వేర్: పన్నెండు చిట్కాలు

సాఫ్ట్‌వేర్ రాయడం ఎవరైనా నేర్పుతారు. అమీర్‌పేటలో మూడు నెలలు కూర్చుంటే వచ్చేస్తుంది. మీరు సీట్లో లేకపోతే నడవని సాఫ్ట్‌వేర్ రాయడం మాత్రం ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పరు. పద్నాలుగేళ్ళుగా నేను తిన్న అన్నం ఆ విద్యదే. ఇవాళ ఫీజు లేకుండా చెప్పేస్తున్నాను, రాసుకోండి.

దీనికి బాగా అనువైన చోటు ఒకటుంది: సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ప్రోగ్రాం లోపల మోనో రన్‌టైమ్‌ని కూర్చోబెట్టి, దాని మీద సీ షార్ప్ కోడ్ నడిపించడం. మాది వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్. కాటా మీద లారీ ఎక్కగానే సీరియల్ పోర్టు నుంచి బరువు చదివేది సీ ప్లస్ ప్లస్. స్లిప్పులు, రిపోర్టులు, రోజువారీ లెక్కలు సీ షార్ప్. అంటే మోనో ఇక్కడ ఇల్లరికపు అల్లుడు. ఇల్లు మామగారిది. అల్లుడు గడప దాటుతూనే అడిగేది ఒకే ఒక్క ప్రశ్న: "నా సామాను ఎక్కడ పెట్టారు?" సామానంటే ఎంఎస్‌కార్‌లిబ్ అనే మూల లైబ్రరీ, దాని వెనక మిగతా డీఎల్ఎల్‌లు, ఓ రెండు కాన్ఫిగ్ ఫైళ్ళు. స్ట్రింగ్ అంటే ఏమిటో, అంకె అంటే ఏమిటో కూడా ఎంఎస్‌కార్‌లిబ్ తెరిచి చూస్తేగానీ ఆయనగారికి తెలియదు. అది దొరక్కపోతే అలిగి ఓ మూల కూర్చునే రకం కాదు. ఎగ్జిట్ కొట్టి మామగారితో సహా ప్రాసెస్ మొత్తాన్ని మూసేసి పోతాడు.

ఆ ఒక్క ప్రశ్నకి జవాబు ఒక్కచోట, అందరికీ కనబడేట్టు రాసి పెట్టారనుకోండి, పని అయిపోయినట్టే. మీ పని కూడా. కాబట్టి మొదటి నుంచీ గుర్తుంచుకోండి: దారి ఫైల్లో ఉండకూడదు, మీ బుర్రలో ఉండాలి.

1. మీ లాప్‌టాప్ దారిని కోడ్‌లో రాసెయ్యండి.

లైబ్రరీలు ఎక్కడున్నాయో రన్‌టైమ్‌కి చెప్పడానికి 'మోనో సెట్ డిర్స్' అనే ఫంక్షన్ ఉంది. దానికి హోమ్, దాని కింద మీ పేరు, దాని కింద డెస్క్‌టాప్, దాని కింద 'న్యూ ఫోల్డర్ 3' అని పూర్తి దారి ఇచ్చేయండి. మీ దగ్గర మొదటిసారికే నడుస్తుంది. నడిచిందాన్ని ఎవరూ ముట్టుకోరు.

టెస్టర్ దగ్గర నడవకపోతే ఏం చేయాలని అడుగుతారు. టెస్టర్ మిషన్‌లో మోనోని విడిగా పూర్తిగా ఇన్‌స్టాల్ చేయించండి, దారి లైన్ తాత్కాలికంగా కామెంట్ చేయండి. మోనోని బిల్డ్ చేసినప్పుడే దాని లోపల ఒక అసలు చిరునామా ముద్రపడి ఉంటుంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే అది నేరుగా అక్కడికే వెళ్ళి చూస్తుంది. అక్కడ సిస్టమ్ మోనో ఉంది కాబట్టి సామాను దొరుకుతుంది. మనం ప్యాకేజీలో పెట్టి పంపే కాపీని ఎవరూ వాడట్లేదన్న సంగతి కస్టమర్ దగ్గరికి వెళ్ళేదాకా బయటపడదు. టెస్టింగ్ అంతా పాస్. సంతకాలు కూడా అయిపోతాయి.

2. రెండు మెట్లు ఎక్కువ దిగండి.

'మోనో సెట్ డిర్స్'కి రెండు ఫోల్డర్లు ఇవ్వాలి: ఒకటి లిబ్, ఒకటి ఈటీసీ. లిబ్ చూపిస్తే చాలు, అందులోకి వెళ్ళి మోనో అనే ఫోల్డరూ, దాని లోపల 4.5 అనే ఫోల్డరూ అదే వెతుక్కుని ఎంఎస్‌కార్‌లిబ్ తెచ్చుకుంటుంది. మీరు అంత దూరం దాన్ని నడవనివ్వకండి. పెద్దమనసుతో లిబ్/మోనో/4.5 దాకా మీరే తీసుకెళ్ళి దింపండి. అది అక్కడ నిలబడి, తన అలవాటు ప్రకారం లిబ్/మోనో/4.5/మోనో/4.5 లో వెతుకుతుంది. దొరకదు.

ఇక్కడే అనుభవం లేనివాళ్ళు దారిని సరిచేస్తారు. మీరు దారి జోలికి పోకండి. 4.5 లోపల ఇంకో మోనో ఫోల్డర్, అందులో ఇంకో 4.5 సృష్టించి లైబ్రరీలన్నీ మళ్ళీ అక్కడ కాపీ చేయండి. ఇప్పుడు నడుస్తుంది. రెండు కాపీలు ఉన్నాయి, ఏది వాడుతోందో మీకే తెలుసు. ఆరు నెలలు పోయాక ఎవరో ఒక డీఎల్ఎల్ అప్‌డేట్ చేసి పైకాపీలో పెట్టి, "మార్చాను, అయినా పాతదే వస్తోంది" అని జుట్టు పీక్కుంటారు. ఓ రెండు రోజులు పీక్కోనివ్వండి. మూడో రోజు టీ తాగుతూ అటువైపు వెళ్ళి, "లోపల ఇంకోటి ఉంటుంది చూడు" అనండి. ఆ రోజు నుంచి మిమ్మల్ని ఆర్కిటెక్ట్ అంటారు.

ఇంకో వరం కూడా ఉంది. రన్‌టైమ్‌ని మొదలుపెట్టేటప్పుడు ఇచ్చే వెర్షన్ పేరు వీ4.0.30319, వెతికే ఫోల్డర్ పేరు మాత్రం 4.5. రెండూ నిజమే, రెండూ సరైనవే. ఈ తేడా మీరు పెట్టింది కాదు కాబట్టి దాచాల్సిన పని కూడా లేదు. కొత్తగా చేరినవాళ్ళకి ఏదో ఒకటి మాత్రమే చెప్పండి.

3. ముందు పెళ్ళి, తర్వాత ముహూర్తం.

దారి చెప్పే ఫంక్షన్‌ని 'మోనో జిట్ ఇనిట్' కంటే ముందు పిలవాలి. ఎందుకంటే ఎంఎస్‌కార్‌లిబ్ లోడ్ అయ్యేది ఆ ఇనిట్‌లోనే. మీరు తర్వాత పిలవండి. కోడ్ రివ్యూలో ఫంక్షన్ ఉందా లేదా అని చూస్తారుగానీ ఏ లైన్లో ఉందో చూసే ఓపిక ఎవరికుంది?

దీనికి తోడు ఒక రీట్రై లూప్ పెట్టండి: ఫెయిలైతే మూడుసార్లు ప్రయత్నించాలి. ఒక ప్రాసెస్‌లో మోనోని మొదలుపెట్టడం ఒక్కసారే కుదురుతుంది, మూసేశాక మళ్ళీ తెరుచుకోదు. పైగా లైబ్రరీ దొరక్కపోతే లూప్ రెండో చుట్టు తిరగడానికి ప్రాసెసే బతికి ఉండదు. అయినా లూప్ ఉంచండి. మేనేజర్‌కి 'రెసిలియన్స్' అని స్లైడ్‌లో పెట్టుకోవడానికి పనికొస్తుంది.

4. దారికి ముందు ఒక చుక్క పెట్టండి.

చుక్క, గీత, లిబ్. ఇంత పొట్టి దారి ఇంకోటి లేదు. ఇది ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్ అనుకుంటారు చాలామంది. కాదు, ప్రోగ్రాం మొదలైనప్పుడు ఎక్కడ నిలబడి ఉంటే అది. మీరు టెర్మినల్లో ఆ ఫోల్డర్లోకి వెళ్ళి నడుపుతారు కాబట్టి మీకు నడుస్తుంది. అదే ప్రోగ్రాం విండోస్ సర్వీస్‌గా లేస్తే సిస్టమ్32లో కళ్ళు తెరుస్తుంది. క్రాన్ లేపితే యూజర్ హోమ్‌లో లేస్తుంది. ఎక్కడ లేస్తే అక్కడ 'నా లిబ్ ఏది' అని వెతుక్కుంటుంది.

మధ్యలో మారేట్టు కూడా చేయొచ్చు. విండోస్‌లో ఫైల్ సేవ్ చేసే పాత డైలాగ్, వద్దని ప్రత్యేకంగా చెప్పకపోతే, ప్రోగ్రాం నిలబడ్డ చోటునే మార్చేయగలదు. మా ఆపరేటర్ ఒకాయన పొద్దున్నుంచీ సుబ్బరంగా స్లిప్పులు తీస్తున్నాడు. మధ్యాహ్నం రిపోర్టు పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేసి, పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకుని, ఆడిటర్ దగ్గరికి వెళ్ళాడు. ఆ తర్వాత నెలవారీ రిపోర్టు నొక్కితే దానికి కావలసిన డీఎల్ఎల్ కోసం మా ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వెతికింది. పెన్‌డ్రైవ్ జేబులో ఉంది. "నెలవారీ రిపోర్టు భోజనం ముందైతే వస్తుంది, తర్వాతైతే రాదు" అని టికెట్ పెట్టాడు. అలాంటి టికెట్ ఒక్కటి చాలు, నెలరోజులు స్టాండప్‌లో చెప్పుకోవచ్చు.

5. అన్నీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టండి.

'మోనో పాత్' అనే వేరియబుల్ ఉంది. దాన్ని బాష్ఆర్‌సీ ఫైల్లో చివరి లైనుగా పెట్టండి. టెర్మినల్ నుంచి నడిపితే పనిచేస్తుంది, సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడిపితే పనిచేయదు, ఎందుకంటే సర్వీస్ మీ బాష్ఆర్‌సీని చదవదు. "మాన్యువల్‌గా బాగానే ఉంది, ఆటోమేటిక్‌గానే సమస్య" అని మెయిల్ రాసి ఇన్‌ఫ్రా టీమ్‌ని సీసీలో పెట్టండి. బంతి వాళ్ళ కోర్టులో ఉంటుంది. వాళ్ళు దసరా సెలవులకి వెళ్ళారు.

ఇంకా గట్టిగా చేయాలంటే ఆ వేరియబుల్‌ని మిషన్ మొత్తానికి పెట్టేయండి. ఆ మిషన్‌లో మోనో మీద నడిచే ప్రతి ప్రోగ్రామూ ముందు మీ ఫోల్డర్‌లోకే తొంగి చూస్తుంది. పక్కవాడి ప్రోగ్రాం మీ పాత డీఎల్ఎల్ తిని వాంతి చేసుకుంటే అది పక్కవాడి సమస్య.

నేటివ్ లైబ్రరీల కోసం 'ఎల్‌డీ లైబ్రరీ పాత్' ఉంది. దాన్ని మీ ప్రోగ్రాం మొదటి లైన్లో, ప్రోగ్రాం లోపలి నుంచే సెట్ చేయండి. లినక్స్ లోడర్ ఆ వేరియబుల్‌ని ప్రాసెస్ మొదలయ్యేటప్పుడే చదివేసి పక్కన పెట్టేస్తుంది, తర్వాత మీరు ఎంత మార్చినా తిరిగి చూడదు. కానీ ప్రింట్ చేసి చూపిస్తే మాత్రం మీరు పెట్టిన విలువ చక్కగా కనబడుతుంది. "సెట్ అయింది చూడండి" అని స్క్రీన్‌షాట్ పంపండి. ఇంతకంటే తిరుగులేని సాక్ష్యం ఏ కోర్టులోనూ ఉండదు.

చివరికి ఇవన్నీ కలిపి ఒక షెల్ స్క్రిప్టు చేయండి. పేరు 'రన్'. తర్వాత 'రన్ న్యూ'. తర్వాత 'రన్ ఫైనల్', 'రన్ ఫైనల్ 2', 'రన్ ఫైనల్ 2 పాతది వాడొద్దు'. వాడాల్సింది ఆఖరిదే.

6. ఎంఎస్‌కార్‌లిబ్‌ని ఎక్కడ దొరికితే అక్కణ్ణుంచి తెచ్చుకోండి.

డీఎల్ఎల్ లేదంటోందా? ఇంకో సిస్టమ్ నుంచి, పాత బ్యాకప్ నుంచి, పక్క ప్రాజెక్టు నుంచి, ఎక్కడ పేరు కలిస్తే అక్కణ్ణుంచి కాపీ చేయండి. పేరు ఒకటే కదా. రన్‌టైమూ, ఎంఎస్‌కార్‌లిబ్బూ ఒకే బిల్డ్ నుంచి పుట్టిన కవలలు. లోపల ఒక అంకె పోల్చి చూసుకుంటాయి, కలవకపోతే 'కార్‌లిబ్ రన్‌టైమ్‌తో పొసగడం లేదు' అంటూ అక్కడే ఆగిపోతాయి. ఆ మెసేజ్ చూసి భయపడకండి. దానికి తగ్గ రన్‌టైమ్‌ని ఇంకోచోట నుంచి తెచ్చి పెట్టండి. అప్పుడు ఈటీసీలోని మెషీన్ కాన్ఫిగ్ పాతదవుతుంది. దాన్నీ తెచ్చి పెట్టండి. ఇలా ఒక్కొక్కటీ తెచ్చి పెట్టుకుంటూ పోతే ఓ శనివారం రాత్రికి కొత్త మోనో అవుతుంది, దాని వెర్షన్ ఏమిటో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. దాన్ని జిప్ చేసి 'వర్కింగ్' అని పేరు పెట్టి మీ గూగుల్ డ్రైవ్‌లో దాచుకోండి. సొంత డ్రైవ్‌లో. కంపెనీది కాదు.

7. సెమికోలన్, కోలన్ తేడా చూడకండి.

రెండు ఫోల్డర్లు వరసగా ఇవ్వాలంటే విండోస్‌లో మధ్యన సెమికోలన్, లినక్స్‌లో కోలన్. అన్నిచోట్లా కోలన్ వాడండి. విండోస్‌లో సీ డ్రైవ్ పేరులోనే కోలన్ ఉంది కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో ఆసక్తికరంగా ఉంటుంది.

జావా వాళ్ళు చిన్నబుచ్చుకోకండి, మీకూ ఉంది. నేటివ్ ప్రోగ్రాంలో జేవీఎంని సొంతంగా లేపేటప్పుడు క్లాస్‌పాత్‌లో ఫోల్డర్ తర్వాత నక్షత్రం గుర్తు పెట్టండి. కమాండ్ లైన్లో ఆ నక్షత్రాన్ని విప్పి జార్ ఫైళ్ళ జాబితాగా మార్చేది జావా లాంచర్. జేవీఎం కాదు. లాంచర్ లేని చోట నక్షత్రం నక్షత్రంగానే మిగిలిపోతుంది. కమాండ్ లైన్లో నడిపి చూపించండి, నడుస్తుంది. యాప్‌లో నడవదు. రాత్రిపూట లెక్కపెట్టుకోవచ్చు.

8. కస్టమర్ పేరు తెలుగులో ఉంటే పండగే.

ఇది నా సొంత పంట, కాస్త నెమ్మదిగా చెబుతాను.

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు. పేరెందుకు లెండి, ఇప్పటికీ బిల్లు కడుతున్నారు. వడ్ల సీజన్. కాటా ముందు పదకొండు లారీలు. పొద్దున్నే కాటా గుమస్తా ఫోన్: "సార్, బొమ్మ ఇట్ల వచ్చి అట్ల పోతుంది." ఎర్రర్ ఏమొచ్చిందని అడిగాను. "ఏమొస్తది సార్, వచ్చేలోపే పోయె." నిజమే. మోనో తన ఏడుపంతా కన్సోల్‌లో రాసి చనిపోతుంది. కన్సోల్ లేని విండోస్ ప్రోగ్రాంలో ఆ రాత ఎవరికీ కనబడదు. నేను చెప్పే విద్యకి ఇది దేవుడిచ్చిన తోడు.

అంతకుముందు రోజే అక్కడ కొత్త కంప్యూటర్ పెట్టారు. సేటు గారి కొడుకు మాతృభాషాభిమాని. విండోస్ యూజర్ పేరు వాళ్ళ నాన్నగారిది, అచ్చ తెలుగు అక్షరాల్లో పెట్టాడు. యూజర్ ఫోల్డర్ కూడా తెలుగులోనే పుట్టింది. మా ఇన్‌స్టాలర్ ఆ యూజర్ ఫోల్డర్‌లోనే కూర్చుంటుంది. ఇక ఎగ్జిక్యూటబుల్ ఎక్కడుందో కనుక్కోవడానికి నేను వాడింది విండోస్ ఫంక్షన్ల జంటలో 'ఏ' అనే ఇంగ్లీషు అక్షరంతో ముగిసేది. డబ్ల్యూతో ముగిసేది యూనికోడ్ ఇస్తుంది, ఏతో ముగిసేది సిస్టమ్ కోడ్‌పేజీలోకి మార్చి ఇస్తుంది. తెలుగుకి విండోస్‌లో అలాంటి కోడ్‌పేజీయే లేదు, ఎప్పుడూ లేదు, మనది యూనికోడ్‌లోనే పుట్టిన సంసారం. కాబట్టి సేటు గారి పేరులోని ప్రతి అక్షరమూ ఒక ప్రశ్నార్థకం అయింది. గుణింతం గుర్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి ప్రశ్నార్థకాలు పేరుకంటే పొడుగ్గా వచ్చాయి. విండోస్‌లో ఫైల్ పేరులో ప్రశ్నార్థకం పెట్టడానికే వీల్లేదు. అల్లుడు "సామాను ఎక్కడ?" అని అడిగితే మామగారు తిరిగి తొమ్మిది ప్రశ్నలు వేశారు.

మోనోకి కావలసింది యూటీఎఫ్-8. డబ్ల్యూ ఫంక్షన్ పిలిచి, యూటీఎఫ్-8లోకి మార్చి ఇస్తే మూడు లైన్ల పని. అలాంటి పొరపాటు చేయకండి. నేనేం చేశానంటే, బస్సెక్కి మిర్యాలగూడ వెళ్ళాను. 'అడ్మిన్ 1' అని ఇంగ్లీషులో ఇంకో యూజర్ తయారుచేసి అందులో ఇన్‌స్టాల్ చేశాను. లారీలు కదిలాయి. సేటు గారు భోజనం పెట్టించి, బస్తా సన్న బియ్యం ఆటోలో వేయించి, "ఏందయ్యా సమస్య?" అని అడిగారు. "తెలుగుకి కంప్యూటర్ సపోర్ట్ తక్కువండి" అన్నాను. ఆయన బాధపడ్డారు. ఆ బాధలో సైట్ విజిట్ బిల్లు బేరమాడకుండా కట్టేశారు.

తెలుగు యూజర్లు అందరికీ ఇదే చెప్పండి. భాషదే తప్పు.

9. కాన్ఫిగ్ చదివించకండి.

'మోనో కాన్ఫిగ్ పార్స్' అని ఒక చిన్న పిలుపు ఉంటుంది. అది పిలిస్తే ఈటీసీలోని కాన్ఫిగ్ ఫైల్ చదివి, కోడ్‌లో ఈ పేరుతో అడిగిన నేటివ్ లైబ్రరీ ఈ మిషన్‌లో ఫలానా ఫైలు అని జతలు నేర్చుకుంటుంది. దాన్ని మరిచిపోండి. పేర్లు తెలియవు కాబట్టి 'డీఎల్ఎల్ నాట్ ఫౌండ్' ఎక్సెప్షన్ వస్తుంది.

ఈ ఎక్సెప్షన్ అందం ఏమిటంటే, ఫైలు కళ్ళెదుట ఉన్నా అదే మాట అంటుంది. ఆ ఫైలుకి కావలసిన ఇంకో ఫైలు లేకపోయినా మొదటి ఫైలు పేరే చెప్పి లేదంటుంది. ఎదురింటాయన ఊళ్ళో లేడని మీ ఇంటికి తాళం వేసినట్టు. మేనేజర్‌ని పిలిచి ఫోల్డర్ తెరిచి చూపించండి: "ఉంది చూడండి. లేదంటోంది చూడండి." ఇద్దరూ కలిసి తల పంకించండి. 32 బిట్ ప్రోగ్రాంలో 64 బిట్ డీఎల్ఎల్ పెట్టినా అది లోడ్ కాదు. రెండూ మార్చి మార్చి వాడండి, వైవిధ్యం ఉంటుంది.

10. లాగ్ మాత్రం ఆన్ చేయకండి.

మోనోకి 'మోనో లాగ్ లెవెల్' అని, 'మోనో లాగ్ మాస్క్' అని రెండు వేరియబుల్స్ ఉన్నాయి. మొదటిది డీబగ్ అని, రెండోది ఏఎస్ఎం అని పెడితే ఏ డీఎల్ఎల్ కోసం ఏ ఫోల్డర్ తట్టిందో, ఎక్కడ దొరికిందో, ఎక్కడ దొరకలేదో మొత్తం వాగేస్తుంది. లినక్స్‌లో స్ట్రేస్ పెడితే తెరవబోయిన ప్రతి ఫైలూ వరసగా పడుతుంది. ఐదు నిమిషాల్లో జబ్బు తెలిసిపోతుంది. ఈ రెండు మాటలూ ఆఫీసులో ఎవరి ముందూ పొరపాటున కూడా ఎత్తకండి. నేను వీటిని రాత్రి పదకొండు దాటాక, అందరూ ఇళ్ళకి వెళ్ళాక, కుర్చీ గోడవైపు తిప్పుకుని వాడతాను.

పగలు మాత్రం అంతా మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి. రెండుసార్లు రీస్టార్ట్ చేయండి. యాంటీవైరస్ ఆపి చూడండి. పని చేస్తున్నట్టు కనబడాలి కదా.

11. సాకుల సంచీ ఎప్పుడూ నిండుగా ఉంచుకోండి.

"నా మిషన్‌లో నడుస్తోంది" పాతబడిపోయింది, ఫ్రెషర్లకి వదిలేయండి. అనుభవజ్ఞులు చరిత్ర వాడాలి. ఎవరైనా దారి ఎందుకు తెగిందని అడిగితే కుర్చీలో వెనక్కి వాలి, "ఈ మోనో ఉంది చూశారూ..." అని మొదలుపెట్టండి. 2001లో జిమియన్ కంపెనీ మొదలుపెట్టింది. మిగెల్ డి ఇకాజా అని మెక్సికో ఆయన. 2003లో జిమియన్‌ని నోవెల్ కొనేసింది. 2004లో 1.0 వచ్చింది. 2011లో నోవెల్ చేతులు మారితే ఇకాజా మనుషులు బయటికి వచ్చి జామరిన్ పెట్టారు. 2016లో జామరిన్‌ని మైక్రోసాఫ్ట్ కొంది. 2024 ఆగస్టులో మోనో ప్రాజెక్టుని వైన్ వాళ్ళకి అప్పగించారు. "ఇన్ని చేతులు మారిన ప్రాజెక్టండీ, మనమేం చేస్తాం." అన్నీ నిజాలే. మీరు రెండు మెట్లు ఎక్కువ దిగడానికీ వీటికీ ఏ సంబంధమూ లేదు, కానీ వినేవాళ్ళు అక్కడిదాకా రారు. 2011 దగ్గరే మీటింగ్ టైం అయిపోతుంది.

అదీ దాటి వస్తే, "కొత్త డాట్‌నెట్‌కి మారిపోతే ఇవేవీ ఉండవు" అనండి. అక్కడ రన్‌టైమ్ ఎక్కడుందో కనిపెట్టడానికి నెట్‌హోస్ట్ అనే చిన్న లైబ్రరీ ఉంది, 2019లో 3.0తో పాటు వచ్చింది. 'డాట్‌నెట్ రూట్' అనే వేరియబుల్ ఉంది, డెప్స్ జేసన్ ఉంది, రన్‌టైమ్ కాన్ఫిగ్ జేసన్ ఉంది. అంటే పాడుచేయడానికి ఇంకా ఎక్కువ చోట్లు ఉన్నాయి. మారడానికి ఏడాదిన్నర పడుతుందని అంచనా ఇవ్వండి. మొదలుపెట్టకండి.

ఇలా చేస్తే దక్కే గౌరవం మామూలుది కాదు. మా చెల్లి పెళ్ళిలో తలంబ్రాల వేళ నాకు మూడు ఫోన్లు వచ్చాయి. మండపం వెనక, వంటవాళ్ళ గాడిపొయ్యి పక్కన, జనరేటర్ రొదలో నిలబడి, ఒక చెవి మూసుకుని, "లోపల ఇంకో మోనో ఉంటుంది, దాని లోపల ఇంకో 4.5" అని చెబుతూనే ఉన్నాను. ఫోటోల్లో నేను ఎక్కడా లేను. మా బావ ఇప్పటికీ నేను పెళ్ళికి రాలేదనుకుంటాడు. ఇంత డిమాండ్ ఊళ్ళో ఇంకెవరికుంది చెప్పండి?

12. ముప్పై లైన్లు రాసే పిల్లల్ని రివ్యూలో ఆపండి.

ఎంత జాగ్రత్తపడినా ప్రతి టీములోకీ ఇలాంటివాళ్ళు ఒకరు వస్తారు. మా దగ్గరికి కిందటేడు ఒక అమ్మాయి వచ్చింది, వరంగల్ నుంచి, మొదటి ఉద్యోగం. వారం రోజులు మౌనంగా 'రన్ ఫైనల్ 2 పాతది వాడొద్దు' చదివింది. రెండో సోమవారం నా దగ్గరికి వచ్చి, "అన్నా, దారి మనం చెప్పడం ఎందుకు? ప్రోగ్రాంనే నువ్వెక్కడున్నావని అడిగితే సరిపోతుంది కదా" అంది.

చేసి కూడా చూపించింది. లినక్స్‌లో ప్రాక్ సెల్ఫ్ ఈఎక్స్ఈ చదివి, విండోస్‌లో డబ్ల్యూ ఫంక్షన్ పిలిచి యూటీఎఫ్-8లోకి మార్చి, ఎగ్జిక్యూటబుల్ ఉన్న ఫోల్డర్ పట్టుకుంది. దాని పక్కనున్న లిబ్, ఈటీసీలని 'మోనో సెట్ డిర్స్'కి ఇచ్చింది. ఇనిట్ కంటే ముందు. కాన్ఫిగ్ పార్స్ కూడా పిలిచింది. నేటివ్ లైబ్రరీల కోసం లింకర్‌కి ఆరిజిన్ అని ఒక ముక్క చెప్పింది. మొదలుపెట్టే ముందు ఎంఎస్‌కార్‌లిబ్ ఉందో లేదో చూసి, లేకపోతే ఏ ఫోల్డర్లో లేదో చెప్పే డబ్బా ఒకటి పెట్టింది. పట్టుమని ముప్పై లైన్లు లేవు. ఫోల్డర్ మొత్తాన్ని డీ డ్రైవ్‌కి మార్చింది, నడిచింది. తెలుగు పేరున్న ఫోల్డర్‌లోకి మార్చింది, నడిచింది. పెన్‌డ్రైవ్‌లోంచి నడిచింది. చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టయింది.

ఇలాంటప్పుడు కంగారు పడకండి, రివ్యూ కామెంట్లు రాయండి. వేరియబుల్ పేరు బాగోలేదు. ట్యాబులా, స్పేసులా? సిమ్‌లింక్ అయితే ఎలా? యూనిట్ టెస్ట్ ఏదీ? మ్యాక్‌లో ప్రాక్ లేదు కదా? మా కస్టమర్లలో ఒక్కరికీ మ్యాక్ లేదు, రైస్ మిల్లు కాటా దగ్గర ఎవరు పెడతారు? అయినా అడగండి. ఆ అమ్మాయి అన్నిటికీ జవాబు రాసింది, మ్యాక్‌కి కూడా కోడ్ రాసింది. అప్పుడు ఆఖరి అస్త్రం తీశాను: "బాగుంది. కానీ రిస్కు. రిలీజ్ అయ్యాక చూద్దాం."

మాకు రిలీజ్ ప్రతి రెండో శుక్రవారం. ఒకటి అవగానే ఇంకోటి దగ్గరపడుతుంది. ఆ ముప్పై లైన్లు ఏడాదిగా నా వరసలో అలాగే ఉన్నాయి. అమ్మాయి వేరే ప్రాజెక్టుకి వెళ్ళిపోయింది, లిఫ్టులో కనిపిస్తే నవ్వుతుంది.

నిన్న రాత్రి మళ్ళీ మిర్యాలగూడ నుంచి ఫోన్. సేటు గారి మనవడు కంప్యూటర్ ఫార్మాట్ కొట్టి కొత్తగా యూజర్ పెట్టాడట, తాతగారి పేరుతో పాటు ఈసారి మిల్లు పేరు కూడా కలిపి, తెలుగులో. కాటా ముందు ఎన్ని లారీలున్నాయో గుమస్తా చెప్పలేదు, హారన్లు మాత్రం వినబడ్డాయి. తెల్లవారుజామున ఐదింటికి బస్సు. చార్జర్ సర్దుకున్నాను. 'వర్కింగ్' జిప్ డౌన్‌లోడ్ పెట్టాను, నలభై శాతం దగ్గర ఆగి ఉంది.